కొట్టిన చోట నాటేదెవరు?

నెల్లూరు తీరం మెల్లమెల్లగా పెద్ద ప్రమాదంలోకి జారుతోంది. కావలి, బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మీదుగా దక్షిణాన చిల్లకూరు, కోట, వాకాడు దాకా ఇసుక నేలల్లో పెరిగే సరుగుడు తోటలు ఒకేసారి నాలుగు పనులు చేస్తున్నాయి. రైతుకు రొక్కం ఇస్తున్నాయి. కాగితం మిల్లుకు ముడిసరుకు ఇస్తున్నాయి. కూలి ఇళ్ల పొయ్యిలోకి పుల్లలు ఇస్తున్నాయి. సముద్రం మీది గాలికి ఊరి ముందు అడ్డం నిలుస్తున్నాయి. ఈ నాలుగింటిలో కాటా మీద తూగేది కర్ర ఒక్కటే. టన్నుకు ఇంతని ధర పలికేది దానికే. ధర పలకని పనుల్ని కొనేవాడు పట్టించుకోడు. వాటిని కాపాడాల్సిన ప్రభుత్వమూ పట్టించుకోకపోతే చెట్టు పోయిన చోట మళ్లీ చెట్టు రాదు.

కర్ర కొట్టడమే నేరమని మేం అనడం లేదు. సరుగుడు కొట్టడానికే వేసే పంట. మూడు నాలుగేళ్లు పెంచి, కొట్టి, అమ్ముకుని, మళ్లీ నాటుకునే రైతు అడవికి మేలే చేస్తున్నాడు. అతని తోటలో కొట్టిన ప్రతి టన్నూ కొండల్లోని అడవి మీద ఆ మేరకు గొడ్డలి పడకుండా ఆపుతుంది. మా ఆందోళన అంతా చివరి మెట్టు గురించే. కొట్టే హక్కు ఎందరికో ఉండి, నాటే బాధ్యత ఎవరి మీదా లేని ఏర్పాటు ఎక్కువ కాలం నిలవదు.

ఈ తీరం నగరాల కోసం కర్ర పెంచడం కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు పొయ్యిలకూ రైలు ఇంజన్లకూ కట్టెలు కావలసి వచ్చి కోరమండల్ తీరమంతటా సరుగుడు నాటించారు. అది ఇక్కడ పుట్టిన చెట్టు కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాల నుంచి వచ్చింది. శ్రీహరికోట అడవిలో కొట్టిన కట్టెలు పడవలకెక్కి బకింగ్‌హాం కాలువ వెంబడి మద్రాసు చేరేవి. 1877-78 కరువు పనుల్లో పొడిగించిన ఆ కాలువకు అప్పటి గవర్నరు పేరే పెట్టారు. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశాక ఆ దీవికి కాపలా వచ్చింది. ఈ తీరంలో సహజమైన పొడి సతతహరిత అడవి చెప్పుకోదగ్గ విస్తీర్ణంలో ఇంకా మిగిలి ఉన్నది అక్కడే. గొడ్డలి దూరంగా ఉంటే ఈ ఇసుకలో ఎలాంటి అడవి నిలుస్తుందో ఆ దీవి చెబుతోంది. మిగతా తీరమంతా ఎవరో ఒకరి అవసరానికి నాటిన చెట్టే. కాబట్టి దాని బతుకు మనం చేసుకునే ఏర్పాటు మీదే ఆధారపడి ఉంది.

ఆ ఏర్పాటులో ఒక మంచి మలుపు 1988లో వచ్చింది. అప్పటిదాకా కాగితం మిల్లులు ప్రభుత్వ అడవుల్లోని వెదురును కారుచౌకగా తీసుకుని పెరిగాయి. వెదురు తరిగిపోతుంటే ఆ ఏడాది జాతీయ అటవీ విధానం స్పష్టంగా చెప్పింది: కలప మీద బతికే పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకును రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పెంచుకోవాలి, అడవి వైపు చూడకూడదు. భద్రాచలం దగ్గర సారపాకలోని ఐటీసీ మిల్లు, రాజమహేంద్రవరంలోని ఆంధ్రా పేపర్ మిల్లు రైతులకు మొక్కలు ఇచ్చి జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలు వేయించాయి. కోయంబత్తూరులోని కేంద్ర అటవీ పరిశోధన సంస్థ త్వరగా ఎదిగే సరుగుడు క్లోన్లను తయారుచేసి ఇచ్చింది. ప్రైవేటు భూముల్లో పెరిగిన ఈ మూడు రకాల కర్రకూ రవాణా పర్మిట్ అక్కర్లేదన్న సడలింపు రైతుకు ధైర్యమిచ్చింది. దేశంలో రైతు పొలం నుంచి మిల్లుకు కర్ర ఎక్కువగా వెళ్లే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో నిలిచింది. చెట్టు పెంచితే డబ్బు వస్తుందన్న నమ్మకమే ఇన్ని ఎకరాల పచ్చదనాన్ని నిలబెట్టింది. దీన్ని తక్కువ చేసి చూడకూడదు.

అదే నమ్మకం ఇప్పుడు సడలుతోంది. మొదటి కారణం ధర. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో ప్రభుత్వం సుబాబుల్‌కు టన్నుకు 4,200 రూపాయలు, జామాయిల్‌కు 4,400 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించింది. కాగితం మీద ఆ ధర ఉన్నా కల్లంలో అందులో సగం కూడా చేతికి రాని సంవత్సరాలను ప్రకాశం, నెల్లూరు రైతులు చూశారు. విదేశీ గుజ్జు, విదేశీ కాగితం చౌకగా దిగుమతి అయితే మిల్లు కొనుగోలు తగ్గిస్తుంది. ఆ దెబ్బ నేరుగా తోట మీద పడుతుంది. వరి రైతు ధర లేకపోతే వచ్చే కారుకు పంట మార్చుకోగలడు. చెట్టు వేసినవాడు మూడు నాలుగేళ్ల ముందే తన భూమిని, పెట్టుబడిని, ఆశను ఒకే పంటకు కట్టేసుకుని ఉంటాడు. ధర బాగున్న ఏడు అందరూ నాటుతారు. ఆ తోటలన్నీ ఒకేసారి కోతకు వస్తాయి, ధర పడిపోతుంది, చాలామంది మానేస్తారు. నాలుగేళ్లకు కర్ర కొరత వస్తుంది, ధర మళ్లీ లేస్తుంది. ఈ ఎగుడుదిగుళ్లలో మిల్లు తట్టుకుంటుంది, దళారీ లాభపడతాడు, రైతు తప్పుకుంటాడు.

కోత దగ్గర జరిగే నష్టం దీనికి తోడు. కొట్టిన కర్ర రోజురోజుకూ తేమ పోగొట్టుకుని తూకం తగ్గుతుంది. లారీ నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ నష్టమంతా రైతుదే. ఏ రోజు కొట్టాలో, ఏ రోజు ఎత్తాలో దళారీ చేతిలో ఉన్నంతకాలం కాటా అతని మాటే వింటుంది. కొట్టే ముఠాల బతుకు ఇంకా దయనీయం. కట్టెలు కొట్టే పనికి అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా కుటుంబాలను కదలనివ్వని పద్ధతికి యానాదులు, తమిళనాడులో ఇరులర్లు బలైన సంగతి అధికారిక రికార్డుల్లోనే ఉంది. వెట్టిచాకిరీని రద్దు చేసిన చట్టం వచ్చింది 1976లో. మనుషుల్ని కట్టిపడేసి కొట్టిన కర్రకు పర్యావరణ హితమన్న ముద్ర ఎవరు వేసినా అది అబద్ధమే.

తప్పుకున్న రైతు భూమి ఏమవుతోందన్నది అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న. వేరుశనగకో కూరగాయలకో తిరిగితే చింతించాల్సిన పని లేదు. నెల్లూరు తీరంలో చెట్టు ఖాళీ చేసిన నేలకు ఇద్దరు బేరగాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఒకటి రొయ్యల చెరువు, రెండోది సిలికా గని. ఈ రెండూ నేల స్వభావాన్నే మార్చేస్తాయి. ఉప్పునీరు నిలబెట్టిన నేలలో చెరువు పూడ్చినా ఏళ్ల తరబడి మొక్క బతకదు. చిల్లకూరు, కోట మండలాల్లో గాజు పరిశ్రమకు వెళ్లే సిలికా ఇసుకను తవ్వుకుంటూ పోతే, వాన నీటిని పట్టి ఉంచే దిబ్బ మిగలదు. తీరం పొడవునా ఇసుకలో తవ్వుకున్న దొరువుల్లో తియ్యటి నీళ్లు ఊరుతున్నాయంటే కారణం, వానకు ఇంకిన మంచినీరు కింది ఉప్పునీటి మీద పలచని పొరగా తేలుతూ ఉండటమే. పైనున్న ఇసుక పోతే ఆ పొర పోతుంది. సరుగుడు నారుమళ్లు తడిసేది ఆ దొరువుల నీళ్లతోనే. అంటే గని తవ్వినవాడు తన నేలతో పాటు పక్క రైతు రేపటి తోటను కూడా తవ్వుకుపోతున్నాడు.

ఈ రెండు ముప్పుల గురించీ దేశ అత్యున్నత న్యాయస్థానం వరసగా రెండు రోజుల్లో మాట్లాడింది. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో, తీర నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులు ఉండరాదని తీర్పు చెప్పింది. మరునాడు, డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో, భూమి ఎవరిదైనా అడవి అడవేనని, కేంద్రం అనుమతి లేని రంపపు మిల్లులు అడవుల్లో నడవరాదని ఆదేశించింది. రెండో ఆదేశం కలప పరిశ్రమకు కొంత పగ్గం వేసింది. మొదటి తీర్పు పట్టును 2005 తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చాలావరకు సడలించింది. 2009లో వెన్నామి రొయ్యను అనుమతించాక చెరువుల విస్తరణకు కొత్త ఊపు వచ్చింది. రొయ్య పెంచేవారి మీద మాకు ద్వేషం లేదు. ఈ జిల్లాకు ఆ పరిశ్రమ ఇచ్చిన ఉపాధి చిన్నదేమీ కాదు. ఊరికీ సముద్రానికీ మధ్యనున్న చెట్ల పట్టీని తీసేసి చెరువు తవ్వే హక్కు మాత్రం ఏ పరిశ్రమకూ లేదు.

ఆ పట్టీ ఎందుకు కావాలో ఈ తీరానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 1927 నవంబరులో నెల్లూరును తుఫాను ఊడ్చేసింది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర మరొకటి తీరం దాటింది. 1989 నవంబరులో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, ఆ దేశంలో వందల మందిని బలిగొని, బంగాళాఖాతం మొత్తం దాటి వచ్చిన పెనుతుఫాను కావలి మీద పడింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ నెల్లూరు తీరాన్ని ఒరుసుకుంటూ పోయి బాపట్ల దగ్గర నేలకెక్కింది. 1977 దివిసీమ ఉప్పెన తర్వాతా, 2004 సునామీ తర్వాతా తీరం వెంట రక్షణ వనాలు పెంచాలని ప్రభుత్వం పూనుకున్నది ఇందుకే. ఒడిశాలో 1999 పెనుతుఫాను మరణాలను గ్రామాలవారీగా పరిశీలించిన పరిశోధకులు, కేంద్రపడా జిల్లాలో ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుగా ఉంటే మరణాలు అంత తగ్గాయని 2009లో నిరూపించారు. చెట్టు మనిషి ప్రాణాన్ని కాస్తుందనడానికి ఇంతకన్నా గట్టి రుజువు అక్కర్లేదు.

ఇక్కడే ఒక సంగతి నిజాయతీగా చెప్పుకోవాలి. మడ అడవి చేసే పనంతా సరుగుడు చేయలేదు. అది గాలి వేగాన్ని తగ్గిస్తుంది, ఎగిరే ఇసుకను ఆపుతుంది. ఉప్పెన అలను ఆపే శక్తి పలచని సరుగుడు వరసలకు లేదు. పైగా దాన్ని సముద్రపు అంచు దాకా, ముందు దిబ్బ మీద కూడా నాటినచోట మేలు కన్నా కీడే ఎక్కువ జరిగింది. ఆ దిబ్బను వేలాది ఏళ్లుగా పట్టి ఉంచింది నేల మీద పాకే తీగలు, ముళ్ల గడ్డి. సరుగుడు నీడలో, రాలిన ఆకుల మందపు పొర కింద అవి చచ్చిపోతాయి. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే ఆలివ్ రిడ్లే తాబేలుకు ఇసుక చోటు కరువవుతుంది. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ ఇసుక దిబ్బలనూ, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లనూ, మడ అడవులనూ అత్యంత రక్షణ అవసరమైన శ్రేణిలో చేర్చింది. కాబట్టి ఎన్ని ఎకరాలు నాటామన్న లెక్క ఒక్కటీ చాలదు. ఎక్కడ ఏది నాటామన్నది కూడా లెక్కలోకి రావాలి. ముందు దిబ్బ తీగలకూ గడ్డికీ వదలాలి. దాని వెనక తాటి, జీడిమామిడి వంటి దీర్ఘకాలం నిలిచే చెట్లు, ఆ వెనక కోతకు వేసే సరుగుడు, ఉప్పుటేళ్ల ఒడ్డున మడ చెట్లు ఉండాలి.

నేల గురించి కూడా హెచ్చరించాలి. సరుగుడు వేళ్లలో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది. అందుకే ఏ పైరూ నిలవని ఇసుకలో అది ఎదుగుతుంది. ఆ మేలును మనమే పోగొట్టుకుంటున్నాం. మొద్దు కొట్టి ఊరుకోవడం లేదు, వేరు కూడా పెకలించి పొయ్యికి అమ్ముతున్నాం. రాలిన ఆకు ఊడ్చుకుపోతున్నాం. తోటను పూర్తిగా ఎదగనివ్వకుండానే కొట్టి మళ్లీ అదే నేలలో అదే క్లోను వేస్తున్నాం. ఇసుక నేల దగ్గర దాచుకున్న సారం తక్కువ. తీసుకుంటూ పోతే త్వరగా అయిపోతుంది. ఒకే క్లోను వందల ఎకరాల్లో ఉన్నప్పుడు ఒక తెగులు వస్తే అన్ని తోటలకూ ఒకేసారి వస్తుంది. దీనికి మందు రైతు చేతిలోనే ఉంది. వేరు నేలలోనే వదిలేయడం, రెండు మూడు రకాల క్లోన్లు కలిపి వేయడం, మొదటి ఏడాది వరసల మధ్య వేరుశనగ వేసుకోవడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. వాటిని చెప్పే మనిషి పొలం దాకా రావడం లేదు.

బయటి ప్రపంచం నుంచి ఒక ఒత్తిడి, ఒక అవకాశం కలిసి వస్తున్నాయి. బాధ్యతగా పెంచిన కర్రకు ఎఫ్‌ఎస్‌సీ వంటి అంతర్జాతీయ ధ్రువీకరణ ఉంది. మన మిల్లులు ఇప్పటికే ఆ దారిలో అడుగులు వేశాయి. 2023లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన నిబంధన మరింత కఠినమైంది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవిని నరికిన నేలలో పుట్టిన కలపగానీ, దానితో చేసిన కాగితంగానీ తమ మార్కెట్‌లోకి రాకూడదని, ప్రతి సరుకూ ఏ భూమి నుంచి వచ్చిందో అక్షాంశ రేఖాంశాలతో సహా చూపాలని అది కోరుతోంది. అమలు తేదీ వాయిదా పడుతూ వస్తున్నా దిశ మారలేదు. రేపు కర్రకు గిరాకీ ఉండాలంటే దాని పుట్టుక చెప్పగలగాలి. నెల్లూరు లారీ ఇవాళ ఆ మాట చెప్పలేకపోతోంది. పర్మిట్ అక్కర్లేదన్న సడలింపు వల్ల పట్టా భూమి కర్రా, ప్రభుత్వ రక్షణ వనం నుంచి దొంగతనంగా కొట్టిన కర్రా ఒకే లారీలో ఒకే ధరకు పోగలవు. రైతుకు మేలు చేయడానికి ఇచ్చిన సడలింపు దొంగకు దారి కాకూడదు.

అందుకే మేం కోరేవి ఇవి. ప్రభుత్వ భూముల్లోని రక్షణ వనాలను మండలాలవారీగా సర్వే చేసి, హద్దురాళ్లు వేసి, ఆ పటాలను పంచాయతీ గోడ మీద అతికించాలి. 2022 జిల్లాల విభజనతో ఈ తీరం నెల్లూరు, తిరుపతి జిల్లాల మధ్య చీలింది కనుక ఇద్దరు కలెక్టర్లూ ఒకే ప్రణాళిక మీద పనిచేయాలి. రక్షణ వనాన్ని ఎప్పుడూ మొత్తంగా కొట్టకూడదు. మూడు పట్టీలుగా విభజించి, ఒక పట్టీ కొట్టి నాటాక, ఆ మొక్క నిలదొక్కుకుందని తేలితేనే రెండో పట్టీ ముట్టుకోవాలి. తుఫానుల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సముద్రం వైపు పట్టీలో గొడ్డలి అసలే కనిపించకూడదు.

రైతుకు పర్మిట్ల బెడద మళ్లీ తేవద్దు. లారీతో పాటు సర్వే నంబరు, రైతు సంతకం ఉన్న ఒక చిన్న చీటీ చాలు. అది లేని కర్రను మిల్లు దించుకోకూడదు. మిల్లులు ఏ మండలం నుంచి ఎంత కర్ర తీసుకున్నదీ, అదే మండలంలో ఎన్ని మొక్కలు ఇచ్చిందీ ఏటా ప్రకటించాలి. నాటే రోజే కనీస ధర రాసుకునే ఒప్పందం, కాటా వేసిన రోజే తూకం చీటీ, గడువులోగా బ్యాంకు ఖాతాలో సొమ్ము ఉంటే రైతు చెరువు వైపు చూడడు. కొట్టే ముఠాల కూలి, అడ్వాన్సుల లెక్క కార్మిక శాఖ తనిఖీ కిందికి రావాలి. చెట్టున్న భూమిని చెరువుకో గనికో మార్చాలంటే చుట్టుపక్కల దొరువుల మీద పడే ప్రభావాన్ని ముందే తేల్చి, గ్రామసభ ముందు పెట్టాలి. తవ్వకం ముగిశాక నేలను పూడ్చి చెట్లు పెంచేదాకా గని యజమాని సొమ్ము ప్రభుత్వం దగ్గర డిపాజిట్‌గా ఉండాలి.

ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులని అనేవారు ఉంటారు. ఒక్క తుఫాను తర్వాత పంట నష్టానికి, కూలిన ఇళ్లకు, పోయిన పడవలకు చెల్లించే పరిహారంతో పోల్చి చూస్తే ఆ ఖర్చు ఎంతో అర్థమవుతుంది. పోయిన ప్రాణానికి ఏ పరిహారమూ లేదు.

కావలి తుఫాను లాంటిది మళ్లీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. సరుగుడు గాలిని అడ్డుకునే ఎత్తు ఎదగడానికి నాలుగైదేళ్లు పడుతుందని మాత్రం ఈ తీరంలో ప్రతి రైతుకూ తెలుసు. ఈ ఏడాది నాటని పట్టీ ఐదేళ్ల తర్వాత తుఫాను వచ్చిన రోజున ఉండదు. ఆ రోజు ఎంత డబ్బు పోసినా దాన్ని తెచ్చి నిలబెట్టలేం. నెల్లూరుకు ఎక్కువ వాన తెచ్చేది ఈశాన్య రుతుపవనం. తుఫానులు తెచ్చేదీ, మొక్క నాటడానికి అదను ఇచ్చేదీ అదే. ఆ వానలకు ముందే నారు సిద్ధం కావాలి, హద్దులు తేలాలి, మిల్లులతో ఒప్పందాలు సంతకం కావాలి. కొట్టిన ప్రతి ఎకరానికీ నాటే బాధ్యుడి పేరు రాసి ఉండాలి. ఇద్దరు కలెక్టర్లు, అటవీ శాఖ, మిల్లుల యాజమాన్యాలు, రైతు సంఘాలు ఒకచోట కూర్చుని ఈ సీజనుకు ముందే ఆ జాబితా తయారుచేయాలి. తీరాన్ని కాపాడే అసలు పని అక్కడే మొదలవుతుంది.